బ్రాడీపేట ఆఫీసులో నెట్ ఎక్కడ ఆగుతోంది: ప్రాజెక్టు డైరీ

సోమవారం: పని ఒప్పుకున్నాను

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. కింద ఆఫీసు, పైన వాళ్లిల్లు. ఎక్కువగా మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులవీ, కోల్డ్ స్టోరేజీలవీ లెక్కలు చూస్తారు. సిస్టములు పదికి పైనే. అందులో ఒకదాంట్లో ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా అంతా ఉంటుంది, మిగతావాళ్లు నెట్‌వర్క్ మీద దాన్నే తెరుస్తారు. ఒక ఫైబర్ లైను, గోడకి ఫైబర్ బాక్సు, దాని నుంచి 16 పోర్టుల స్విచ్చు (లైనుని సిస్టములన్నిటికీ పంచే పెట్టె), అక్కణ్నుంచి టేబుళ్లకి కేబుళ్లు.

కంప్లైంట్ ఇదీ. కొన్ని నెలలుగా నెట్ పోతోంది, కానీ అందరికీ పోదు. ఈ రోజు ఇద్దరికి పోతే రేపు ఇంకో ముగ్గురికి. బాక్సు ఆపి మళ్లీ వేస్తారు, సిస్టములు రీస్టార్ట్ చేస్తారు. ఒకరికి వస్తుంది, అప్పటిదాకా బాగున్న ఇంకొకరికి పోతుంది. లైను ఇచ్చిన కంపెనీ మనిషి వచ్చి తన ల్యాప్‌టాప్ బాక్సుకి పెట్టి, స్పీడ్ టెస్ట్ చూపించి "మా సైడ్ అంతా ఓకే సార్" అని వెళ్లిపోతాడు. అతను చెప్పింది నిజమే అయ్యుండాలి అనిపించింది. లైనే పోతే అందరికీ ఒకేసారి పోవాలి కదా.

ఆడిటర్ గారి ఆందోళన 20వ తారీఖు గురించి. నెలనెలా జీఎస్టీఆర్-3బీ (జీఎస్టీ రిటర్ను) వేసేవాళ్లకి అది ఆఖరు తేదీ. దానికి ముందు రెండు రోజులూ ఆఫీసంతా టెన్షన్. అకౌంట్స్ చూసే అమ్మాయి తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్తుంది. నెట్ పోయి పని సాగితే ఆమె ఇంటికి చేరేసరికి ఏ పదిన్నరో అవుతుంది. ఈ పని మీద నాకు పట్టుదల పెరిగింది ఆ సంగతి విన్నాకే.

అందరినీ కూర్చోబెట్టి ఒకటే అడిగాను: నెట్ పోగానే ఏదీ రీస్టార్ట్ చేయకండి. రీస్టార్ట్‌తో తప్పు పోదు, తప్పు జాడ మాత్రం చెరిగిపోతుంది. స్విచ్చు పక్కన ఒక కాగితం అంటించాను. టైము, సిస్టమ్ నంబరు, కేబులా వైఫైయా, ట్యాలీ తెరుచుకుంటోందా, ప్రింట్ వెళ్తోందా, అంతకుముందు కరెంటు పోయిందా. ఇవి రాస్తే చాలు, కారణం వెతికే పని నాది.

మంగళవారం: బయటి నుంచి లోపలికి

ముందు ఫైబర్ బాక్సు. లైను కలిసిందని చెప్పే పాన్ దీపం ఆకుపచ్చగా నిలకడగా ఉంది, ఎల్‌ఓఎస్ దీపం వెలగడం లేదు. ఎల్‌ఓఎస్ ఎర్రగా వెలిగిందంటే ఫైబర్‌లో వెలుతురు బాక్సు దాకా రావడం లేదని అర్థం. బాక్సు పేజీలోకి వెళ్లి ఆప్టికల్ పవర్, అంటే వచ్చే వెలుతురు బలం, చూస్తే మైనస్ 21 డీబీఎం. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. ఇలాంటి ఇంటి బాక్సులు మామూలుగా మైనస్ 27 వరకూ తట్టుకుంటాయి. ఆరు డీబీ వెసులుబాటు ఉంది, అంటే వెలుతురు నాలుగో వంతుకి పడిపోయినా లైను నడుస్తుంది. బయటి ఫైబర్ మీద నాకు అనుమానం పోయింది.

తర్వాత ఒక సిస్టమ్ మీద మూడు నల్ల కిటికీలు (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి, మూడింట్లోనూ ఆగకుండా పింగ్ పెట్టాను. పింగ్ అంటే ఒక అడ్రస్‌ని పలకరించి జవాబు వస్తుందో లేదో చూడడం. ఒకటి బాక్సుకి, అంటే 192.168.1.1కి. రెండోది బయట గూగుల్ సర్వర్ 8.8.8.8కి. మూడోది ఒక వెబ్‌సైట్ పేరుకి. మొదటిది ఆగితే తప్పు గోడల లోపలే, కేబులో స్విచ్చో చూసుకోవాలి. మొదటిది నడుస్తూ రెండోది ఆగితే బాక్సు నుంచి బయటికి వెళ్లే దారి తెగింది. రెండూ నడుస్తూ మూడోది మాత్రమే ఆగితే దారి బాగానే ఉంది, పేరుని అంకెల అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ పలకడం లేదు. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. చాలా ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ ఈ మూడు పింగులే సగం పని తేల్చేస్తాయి.

కేబుళ్ల వెంట నడిచి కాగితం మీద గీసుకున్నాను, ఏ పోర్టు నుంచి ఏ టేబులుకని. స్విచ్చు పద్నాలుగో పోర్టులో ఒక పాత బూడిద రంగు కేబులు ఉంది. అది మెట్ల కిటికీ పక్కన కన్నంలోంచి పైకి వెళ్తోంది. "పై ఇంటికి సార్, వైఫై కోసం ఎప్పుడో వేశారు" అన్నాడు ఆఫీసు కుర్రాడు. రాసిపెట్టుకున్నాను.

మంగళవారం సాయంత్రం: చిన్న తప్పులు రెండు

రిసెప్షన్ సిస్టమ్‌లో "నెట్ లేదు" అన్నారు. మూడు పింగులూ నడుస్తున్నాయి. బ్రౌజర్‌లో మాత్రం ఏ సైట్ తెరిచినా మీ కనెక్షన్ భద్రం కాదు అన్న హెచ్చరిక. కుడివైపు కింద గడియారం చూస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి జనవరి 1 చూపిస్తోంది. రాత్రి వెళ్లేటప్పుడు గోడ స్విచ్చులు ఆపేస్తారు, లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు అయిపోయింది, అందుకని పొద్దున్నే సిస్టమ్‌కి తేదీ గుర్తుండదు. సైట్ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లకి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. మన గడియారం తప్పుగా ఉంటే ప్రతి సర్టిఫికెట్ చెల్లనిదిగానే కనబడుతుంది. సీఆర్ 2032 సెల్లు తెప్పించి వేశాను, బయోస్‌లో తేదీ సరిచేశాను. నెట్‌కీ దీనికీ సంబంధమే లేదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి కనబడేది మాత్రం నెట్ పోవడమే.

రెండోది గోడవైపు టేబులు. కేబులు చివర ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోయి ప్లగ్గు సగం బయటికి జారి ఉంది. కాలు తగిలినప్పుడల్లా లింకు పోతుంది. కేబుల్ టెస్టర్ పెడితే 1, 2 వెలిగాయి, 3 వెలగలేదు, 4 నుంచి 8 వరకూ వెలిగాయి. పాత ప్లగ్గు కత్తిరించి పైతొడుగు వేలి కణుపంత తీసి, జతలు విప్పి వరస పెట్టాను: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిదీ కొనదాకా చేరాయని ప్లగ్గు ముందువైపు నుంచి చూశాకే క్రింపింగ్ టూల్ నొక్కాలి. పైతొడుగు కూడా ప్లగ్గు లోపలికి పోవాలి, లేకపోతే లాగుడంతా సన్న తీగల మీదే పడుతుంది. ఈసారి ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాయి.

ఇవి రెండూ నిజమైన తప్పులే. కానీ నేను వెతుకుతున్నది ఇవి కావు.

బుధవారం: కరెంటు పోయి వచ్చాక

మధ్యాహ్నం మూడు దాటాక కరెంటు పోయి కాసేపటికి వచ్చింది. కాగితం మీద రాతలు నాకు ఫొటో తీసి పంపారు. 4, 7, 9 సిస్టములకి నెట్ లేదు. మూడూ కేబులువే. ఆ మూడింటికీ ట్యాలీ లేదు, ప్రింటూ లేదు. మిగతావాళ్లకి అన్నీ ఉన్నాయి.

ఆ ట్యాలీ వరస చూసి లేచి నిలబడ్డాను. ట్యాలీ డేటా ఉన్న సిస్టమ్ అదే గదిలో, అదే స్విచ్చు మీద ఉంది. బయట లైను పోయినా ట్యాలీ నడవాలి. నెట్టూ ట్యాలీ ప్రింటరూ మూడూ కలిసి పోయాయంటే ఆ సిస్టములు ఆఫీసు నెట్‌వర్క్‌లోనే లేవన్నమాట. కేబుళ్లు చూస్తే బాగున్నాయి, పోర్టు దీపాలు వెలుగుతున్నాయి. మరి ఏ నెట్‌వర్క్‌లో ఉన్నట్టు?

వెళ్లి 7వ సిస్టమ్‌లో అడ్రస్ వివరాలన్నీ చూపించే ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టాను. అడ్రస్ 192.168.0.104. గేట్‌వే, అంటే బయటికి వెళ్లే ద్వారం, 192.168.0.1. అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ కూడా 192.168.0.1. పక్క టేబులు సిస్టమ్‌లో మాత్రం అన్నీ 192.168.1తో మొదలవుతున్నాయి. ఒకే స్విచ్చు మీద రెండు రకాల అడ్రసులు. ఆఫీసులో 192.168.0.1 అనే పరికరమే లేదు, కనీసం నేను గీసిన కాగితంలో లేదు. అయినా పింగ్ చేస్తే చక్కగా జవాబిస్తోంది. 8.8.8.8కి చేస్తే మాత్రం అదే 192.168.0.1 నుంచి డెస్టినేషన్ నెట్ అన్‌రీచబుల్ అని వస్తోంది. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. గేట్‌వే పలుకుతోంది కాబట్టి లోపలంతా బాగుంది, లైనుదే తప్పు అనుకుంటారు. పలికేది మన గేట్‌వేనా కాదా అన్నది ముందు చూడాలి.

బ్రౌజర్‌లో 192.168.0.1 కొడితే ఒక పాత వైఫై రౌటర్ లాగిన్ పేజీ వచ్చింది. అది ఎక్కడుందో కనుక్కోవడమే మిగిలింది. మామూలు స్విచ్చుకి ఏ పరికరం ఏ పోర్టు మీద ఉందో చూపించే పేజీ ఉండదు. కాబట్టి 7వ సిస్టమ్‌లో 192.168.0.1కి ఆగని పింగ్ పెట్టి, అకౌంట్స్ అమ్మాయిని స్క్రీన్ చూడమని, నేను స్విచ్చు దగ్గర నిలబడి ఆ సిస్టమ్‌ది తప్ప ఒక్కో కేబులూ తీసి పెట్టడం మొదలుపెట్టాను. "వస్తోంది అన్నా... వస్తోంది... వస్తోంది..." పద్నాలుగో పోర్టు తీయగానే "ఆగిపోయింది అన్నా!" అంది. పెడితే మళ్లీ వచ్చింది. బూడిద రంగు కేబులు.

బుధవారం, పై ఇల్లు

ఆడిటర్ గారి అమ్మగారు తలుపు తీశారు. కేబులు వెంట వెళ్తే బీరువా వెనక, ఇన్వర్టర్ ప్లగ్గు మీద, దుమ్ము పట్టిన పాత రౌటర్. వైఫై కోసం ఎవరో తెచ్చి కింది నుంచి వచ్చిన కేబుల్ని దాని లాన్ పోర్టులో (లోపలి సిస్టములు తగిలించే పోర్టు) పెట్టి వదిలేశారు.

"బాబూ, ఇది కూడా చూడు. గీతలన్నీ నిండుగా కనబడతాయి, డల్లాస్‌లో మనవడికి వీడియో కాల్ మాత్రం వెళ్లదు. ఫోన్ ఆపి వేస్తే ఒక్కోసారి వెళ్తుంది" అన్నారు మామ్మగారు. కింద సిస్టములకి వచ్చిన జబ్బే పైన ఆవిడ ఫోన్‌కీ వచ్చింది.

సంగతి ఇదీ. సిస్టమ్ గానీ ఫోన్ గానీ నెట్‌వర్క్‌లోకి రాగానే దానికొక అడ్రస్ కావాలి. అది డీహెచ్‌సీపీ పద్ధతిలో అందరికీ వినబడేలా అడుగుతుంది, ఏ సర్వర్ ముందు జవాబిస్తే మామూలుగా దాని మాటే పుచ్చుకుంటుంది. 1997లో రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే ప్రమాణ పత్రం ఇప్పటికీ ఈ పద్ధతికి ఆధారం. జవాబిచ్చేది అసలు సర్వరా, ఎవరో తెచ్చిపెట్టిన పాత రౌటరా అని పరీక్షించే ఏర్పాటు అందులో లేదు. కొత్త ఊళ్లో వీధి మధ్య నిలబడి అద్దె ఇల్లు ఉందా అని కేకేసి, ముందు పలికినవాళ్లింట్లో సామాను దించేసినట్టు. ఆ ఇంటికి బయటికి దారి ఉందో లేదో తర్వాతి సంగతి.

మామూలు రోజుల్లో ఇబ్బంది కనబడదు. అడ్రస్ ఇచ్చినప్పుడు దానికొక గడువు ఉంటుంది, సగం గడువు కాగానే సిస్టమ్ తనకి అడ్రస్ ఇచ్చిన సర్వర్‌నే నేరుగా అడిగి పొడిగించుకుంటుంది. రెండో సర్వర్‌కి మధ్యలో దూరే సందు ఉండదు. కరెంటు పోయి వచ్చినప్పుడే సందు దొరుకుతుంది. కింద ఫైబర్ బాక్సుకి ఇన్వర్టర్ లేదు. పైన పాత రౌటర్‌కి ఉంది. కరెంటు రాగానే స్విచ్చు వెంటనే లేస్తుంది, సిస్టములు ఒక నిమిషంలో లేస్తాయి. ఫైబర్ బాక్సు మాత్రం లేచి, కంపెనీ వైపు ఎక్స్ఛేంజీలో నమోదు చేసుకుని, తయారయ్యేసరికి ఇంకా ఆలస్యం. ఆ మధ్యలో సిస్టమ్ తన పాత అడ్రస్‌నే అడుగుతుంది, అవునని చెప్పే బాక్సు ఇంకా లేవలేదు, సరే ఎవరైనా కొత్తది ఇవ్వండి అంటుంది. అప్పుడు మెలకువగా ఉన్నది పై ఇంటి రౌటర్ ఒక్కటే.

నెట్ పోగానే బాక్సునీ సిస్టమ్‌నీ కలిపి రీస్టార్ట్ చేసే అలవాటు ఎందుకు మందులా పనిచేయలేదో కూడా ఇందులోనే ఉంది. బాక్సు లేవని ఆ రెండు నిమిషాల్నీ వాళ్లే మళ్లీ మళ్లీ కల్పిస్తున్నారు. కొందరికి రావడం, ఇంకొకరికి పోవడం అందుకే.

గురువారం: సరిచేయడం

పాత రౌటర్ని పారేయక్కర్లేదు. దాని పేజీలోకి వెళ్లి డీహెచ్‌సీపీ ఆపేశాను, దాని సొంత అడ్రస్ 192.168.1.2కి మార్చాను, కేబులు లాన్ పోర్టులోనే ఉంచాను. ఇప్పుడది ఉత్త వైఫై ఇచ్చే పెట్టె, అడ్రసులు పంచదు. బీరువా వెనక నుంచి తీసి హాలు గోడకి పైన బిగించాను. ఇనుప బీరువా వైఫైకి మంచి అడ్డుగోడ. చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫైలు 1, 6 ఛానళ్ల మీద కిక్కిరిసి ఉన్నాయి, దీన్ని 11 మీద పెట్టాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఈ మూడే. మామ్మగారు నా ఎదురుగానే డల్లాస్‌కి కాల్ చేశారు. అక్కడ ఇంకా తెల్లారలేదు, మనవడు నిద్ర కళ్లతోనే ఎత్తాడు, ఆవిడ మాత్రం చాలాసేపు మాట్లాడారు.

కింద ఫైబర్ బాక్సులో అడ్రసులు పంచే వరస 192.168.1.50 నుంచి 200 వరకూ కుదించాను. ట్యాలీ సిస్టమ్‌కి 192.168.1.5, ప్రింటర్‌కి 192.168.1.10 స్థిరంగా ఇచ్చాను. పంచే వరసలో ఉన్న అంకెని ప్రింటర్‌కి స్థిరంగా ఇస్తే, ఏదో ఒక రోజు బాక్సు అదే అంకెని ఎవరి ఫోన్‌కో ఇచ్చి ఇద్దరికీ గొడవ పెడుతుంది. తర్వాత 4, 7, 9లో పాత అడ్రస్ వదిలి కొత్తది అడిగే ఐపీకాన్ఫిగ్ రిలీజ్, రిన్యూ కొట్టించాను. ముగ్గురికీ ట్యాలీ తెరుచుకుంది.

బాక్సుకీ స్విచ్చుకీ చిన్న 12 వోల్టుల రౌటర్ యూపీఎస్‌లు తెప్పించాను. కొనేటప్పుడు అడాప్టర్ మీద రాసిన వోల్టులూ ఆంపియర్లూ చూసుకోవాలి, 9 వోల్టుల స్విచ్చులు కూడా ఉంటాయి.

పరీక్ష మాత్రం కఠినంగా పెట్టాను. యూపీఎస్‌లు బిగించకముందే, మెయిన్ ఆపి వేసి చూశాను. బాక్సు లేవకముందే లేచిన సిస్టములకి ఈసారి 169.254తో మొదలయ్యే అడ్రసులు వచ్చాయి. ఎవరూ పలకనప్పుడు విండోస్ తనంతట తాను పెట్టుకునే అడ్రస్ అది, విండోస్ 98 నాటి నుంచీ ఉన్నదే. అది చూసి నాకు సంతోషమే అయింది, వేరే ఎవరూ పలకడం లేదని రుజువు. బాక్సు లేచాక కాసేపట్లో అన్నీ వాటంతటవే 192.168.1లోకి వచ్చేశాయి.

ఆ తర్వాతి వారం

ఒక సాయంత్రం అందరికీ సైట్లు ఆగిపోయాయి, ట్యాలీ నడుస్తోంది. మొదటి రెండు పింగులూ ఉన్నాయి, పేరుది ఆగింది. డీఎన్‌ఎస్. బాక్సులో డీఎన్‌ఎస్ సర్వర్లుగా 1.1.1.1, 8.8.8.8 పెట్టాను. దానితో తీరిపోయింది.

గోడ మీది కాగితం మార్చాను. రాయడానికి ఉన్న గడుల పైన ఇప్పుడు చదవడానికి మూడు వరసలు ఉన్నాయి. అడ్రస్ 192.168.1 అయితే మన ఇల్లే. 169.254 అయితే ఎవరూ పలకలేదు, కేబులూ బాక్సూ చూడండి. ఇంకేదైనా అయితే ఎవరో కొత్త పెట్టె తెచ్చి పెట్టారు, నాకు ఫోన్ చేయండి. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంటే నాకు కాదు, కంపెనీకి.

18వ తారీఖు

పొద్దున్నే అకౌంట్స్ అమ్మాయి ఫోన్. "అన్నా, ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది. మన బాక్సుకి పింగ్ చేస్తే రిప్లై వస్తోంది, 8.8.8.8కి రావట్లేదు. ట్యాలీ నడుస్తోంది. కంపెనీకి చెప్పి కంప్లైంట్ నంబరు తీసుకున్నా. రిటర్నులు వేసే రెండు సిస్టములకి మొబైల్ ఫోన్ కేబులుతో కలిపి దాని నెట్ ఇచ్చా, పర్లేదు కదా?"

పర్లేదమ్మా అన్నాను. అంతకన్నా నేను చేయగలిగింది ఏమీ లేదక్కడ. వీధి చివర డ్రైనేజీ కోసం తవ్వుతూ ఫైబర్ తెంపారు. మధ్యాహ్నానికి కంపెనీ వాళ్లు అతికించి వెళ్లారు, నెట్ వచ్చింది. కానీ బాక్సు పేజీలో ఆప్టికల్ పవర్ చూస్తే మైనస్ 25.6. మునుపటి మైనస్ 21 కన్నా నాలుగు డీబీ పైన పోయింది. సరిగ్గా అతికిన చోట పోయేది డీబీలో పదో వంతు. మూడు డీబీ పోతేనే వెలుతురు సగం అయినట్టు. ఇప్పటికి నడుస్తుంది, కానీ గడప మీద ఉంది, ఇంకాస్త వంగినా తెగినట్టే. ఆ అంకెల ఫొటోలు రెండూ, ముందుదీ ఇప్పటిదీ, అమ్మాయి చేతే కంపెనీకి పంపించాను. ఊరికే స్లో ఉందని చెబితే స్పీడ్ టెస్ట్ చూపించి వెళ్లేవాళ్లు. అంకెలు చూశాక మర్నాడే వచ్చి అతుకు కోసి మళ్లీ వేశారు. మైనస్ 21.4.

20వ తారీఖు రిటర్నులు సాయంత్రం ఆరున్నరకల్లా అయిపోయాయని ఆడిటర్ గారు మెసేజ్ పెట్టారు. మిగిలిన పనులు: మెట్ల కిటికీ దగ్గర బూడిద రంగు కేబులు ఎండకి బీటలు తీసింది, బయట వాడే నల్ల తొడుగు కేబులు వేయాలి. స్విచ్చులో ఖాళీ పోర్టులకి మూతలు. పాత రౌటర్ మీద "డీహెచ్‌సీపీ ఆన్ చేయవద్దు" అని స్టిక్కర్. రెండో కంపెనీ లైను ఒకటి వేయించుకోమన్నాను, ఆడిటర్ గారు వచ్చే నెల చూద్దాం అన్నారు.